గుర్తు తెలియని గగనవస్తువులు – రాజ్యముల క్షేమము

ఆకాశమునందు తెలియని వస్తువేదియైన కనబడినచో, దానివలన రాజ్యమునకు కీడు మూడునేమో యను భయము నేడు పుట్టినది కాదు. 6వ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితయందు ఉత్పాతములను దివ్యములు, ఆంతరిక్షములు, భౌమములు అని మూడు తెగలుగ విభజించెను. ఉల్కలను ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని యైదు విధములుగ వర్ణించెను. వాని ఫలము రాజులకును సేనలకును ఎట్లుండునో కూడ చెప్పెను. ఆ ఫలభాగమును నేడు మనము నమ్మినను నమ్మకున్నను, ఆ పద్ధతిలో ఒక మేలు గలదు. మొదట చక్కగ చూడవలెను. చూచినదానిని తెగలుగ విభజింపవలెను. పేరు పెట్టుట ఆ పిమ్మట.

ఈనాటి ప్రసంగమునకు విషయము, ఆకాశమున కనబడు గుర్తు తెలియని వస్తువులను గూర్చి పండితులు జరిపిన పరిశోధనలును, దేశముల సంధివిగ్రహములకు వానితో గలిగిన సంబంధమును. ఈ మాట వినగనే, పరలోకవాసులు విమానములెక్కి వచ్చుచున్నారను కథలు కొందరికి జ్ఞప్తికి రావచ్చును. ఆ వినోదము వేరు. నేను మనవి చేయబోవునది ప్రభుత్వపత్రముల కెక్కిన చరిత్ర. తెలియనిదానిని చూచినవాడు, అది తెలియులోపల ఏమి చేసెను? ఈ యొక్క ప్రశ్నమీద కొన్ని సమయములయందు లోకముయొక్క ప్రాణమే ఆధారపడి యుండెను.

ఈ విషయమున మనుష్యుడు రెండు విధములుగ పొరబడవచ్చును. రెండింటికిని చరిత్రలో సాక్ష్యము గలదు.

మొదటిది 1941 డిసెంబరు 7వ తేదీ నాటిది. హవాయి ద్వీపములలో ఓపానా యనుచోట అమెరికా సైనికులిద్దరు రాడారు యంత్రమును నడుపుచుండిరి. రాడారనగా కంటికి కనబడని తరంగములను ఆకాశములోనికి పంపి, అవి యేదేని వస్తువునకు తాకి ప్రతిధ్వనివలె తిరిగి వచ్చుటనుబట్టి ఆ వస్తువు దూరమును దిక్కును కనుగొను సాధనము. ఉదయము 7 గంటలు దాటగనే ఉత్తరదిక్కునుండి పెద్ద విమానసమూహము వచ్చుచున్నట్లు వారికి కనబడెను. వెంటనే టెలిఫోనులో పై యధికారికి తెలిపిరి. ఆ యుదయమున అమెరికా విమానములే కొన్ని రావలసి యుండెను గనుక అవియే యై యుండునని తలచి, చింత వలదని ఆయన చెప్పెను. గంట గడువకముందే జపాను విమానములు పెర్ల్ హార్బరు రేవుపై విరుచుకొనిపడెను. 2,400 మందికి పైగా అమెరికనులు మరణించిరి. తెలియనిదానిని మిత్రమని తలచుటవలన గలిగిన చేటు ఇది.

రెండవది 1960 అక్టోబరు 5వ తేదీ నాటిది. గ్రీన్లాండు ద్వీపమున థూలే యనుచోట, సోవియట్ క్షిపణులను దూరముననే కనిపెట్టుటకై అమెరికావారు క్రొత్తగా నొక బ్రహ్మాండమైన రాడారును నెలకొల్పిరి. అది పనికెక్కిన కొలది దినములకే, క్షిపణులు వచ్చుచున్నవని కొలరాడోలోని రక్షణకేంద్రమునకు హెచ్చరిక పంపెను. అధికారులు కలవరపడిరి. అయితే ఆ దినములలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఐక్యరాజ్యసమితి సభలకై న్యూయార్కు నగరముననే యుండెను. తమ యేలిక కూర్చున్న యూరిమీద తామే నిప్పులు కురిపింతురా? విచారింపగా, రాడారు చూచినది నార్వే దేశపు దిక్కున నుదయించుచున్న చంద్రబింబమని తేలెను! చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. తరంగము పోయి వచ్చుటకు రెండున్నర సెకండ్లు పట్టును. అంతదూరమునుండి ప్రతిధ్వని రాగలదని ఆ యంత్రమును కూర్చినవారు లెక్కవేసి యుండలేదు. తెలియనిదానిని శత్రువని తలచుట యెట్టిదో దీనివలన తెలియును. మొదటి పొరపాటు నేర్పిన భయమే రెండవదానికి తల్లియైనది.

ఈ రెండు తేదీల నడుమనే మన కథ పుట్టినది. 1947 జూను 24వ తేదీన కెన్నెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు అమెరికా వాయవ్యభాగమున రెయినియర్ పర్వతము దాపున విమానమును నడుపుచు, తొమ్మిది మెరయు వస్తువులు మిక్కిలి వేగముగ పోవుచుండుట చూచితినని చెప్పెను. నీటిమీద పళ్ళెమును విసరినప్పుడు అది యెగిరెగిరి పడునట్లు వాని గమనముండెనని పోలిక చెప్పెను. పత్రికలవారు ఆ పోలికను పట్టుకొని ‘ఎగిరెడు పళ్ళెములు’ అని పేరు పెట్టిరి. కదలికకు చెప్పిన యుపమానము ఆకారమునకు అంటుకొనెను. ఆ మీదట దేశమందంతటను జనులు పళ్ళెములనే చూడసాగిరి.

సేనాధిపతులు దీనిని నవ్వి త్రోసివేయలేదు. యుద్ధమున ఓడిన జర్మనీనుండి రాకెట్టుల నిపుణులను ఇరుపక్షములవారును పట్టుకొనిపోయి యుండిరి. ఇవి సోవియట్‌వారు చేసిన క్రొత్త యంత్రములేమో యను శంక అమెరికావారిని బాధించెను. 1948 జనవరిలో వాయుసేన ‘సైన్’ అను పేర పరిశోధన నారంభించెను. 1949లో అది ‘గ్రజ్’ అయ్యెను; 1952లో ‘బ్లూ బుక్’ అయ్యెను. 1969 వరకు మొత్తము 12,618 నివేదికలను పరీక్షించిరి. వానిలో అత్యధికభాగము నక్షత్రములు, గ్రహములు, ఉల్కలు, బెలూనులు, విమానములు, మేఘములు, పక్షులు మొదలగునవిగా తేలెను. 701 మాత్రము గుర్తు తెలియనివిగా మిగిలెను. అనగా నూటికి ఆరింటికి లోపు.

1952 జూలైలో రెండు వారాంతములయందు రాజధానియైన వాషింగ్టను నగరముపైననే తెలియని గురుతులు రాడారు తెరమీద కనబడెను. యుద్ధవిమానములు తరుముకొనిపోయెను గాని ఏమియు చిక్కలేదు. ఉష్ణవాయువు పొర చల్లని గాలిపై కప్పుకొనినప్పుడు తరంగములు వంగి నేలమీది వస్తువులనే ఆకాశమున నున్నట్లు చూపుననియు, కారణమదియే కావచ్చుననియు జూలై 29వ తేదీన సేనాని శాంఫర్డు పత్రికలవారికి చెప్పెను. ఎండకాలమున దూరపు చేలలో నీరు లేకయే నీరున్నట్లు తోచును గదా. ఇది రాడారునకు కనబడు ఎండమావి యన్నమాట.

దీని వెంబడి 1953 జనవరిలో, సి.ఐ.ఏ. యను గూఢచారశాఖ పక్షమున అయిదుగురు శాస్త్రజ్ఞుల సభ రహస్యముగ కూడినది. భౌతికశాస్త్రవేత్తయగు రాబర్ట్‌సన్ దానికి అధ్యక్షుడు. ఈ దృశ్యములవలన దేశమునకు నేరుగ అపాయము కలదను నిదర్శనము లేదని వారు తేల్చిరి. వారి అసలు చింత వేరు. ప్రజలందరును ఒక్కసారి టెలిఫోనులు చేసి పళ్ళెములు వచ్చినవని చెప్పసాగినచో, వార్తామార్గములు క్రిక్కిరిసిపోవును; అదే సమయమున నిజమైన శత్రువిమానము వచ్చినను ఆ వార్త వినువాడుండడు. పులి వచ్చెను పులి వచ్చెనని కేకలు వేసిన గొల్లపిల్లవాని కథ మన పిల్లలకును తెలియును. ఆ సభవా రిచ్చిన సలహా యేమనగా, ఈ విషయమునకు పట్టిన వింతను పోగొట్టి ప్రజలకు నేర్పవలెననుట. అది మంచిదే. కాని దానితోకూడ, ఈ విషయమున ఆసక్తి గల ప్రజాసంఘములపై కన్ను వేసి యుంచవలెననియు చెప్పిరి. రహస్యముగ చెప్పిన ఆ మాట తరువాత బయటపడి, ప్రభుత్వమేదో దాచుచున్నదను అనుమానమునకు ఎరువు వేసెను.

ప్రభుత్వము దాచుట నిజమే. అయితే జనులు తలచినది దాచలేదు. 1947లో న్యూమెక్సికో రాష్ట్రమున రాస్వెల్ అను ఊరికి దూరముగ పడిన శకలములు, సోవియట్ అణుపరీక్షల చప్పుడును మిక్కిలి ఎత్తునుండి వినుటకై ‘మోగుల్’ అను రహస్యప్రయత్నమున నెగురవేసిన బెలూనుల శ్రేణికి చెందినవని వాయుసేనవారు 1994లో వెల్లడించిరి. 1955లో ఎగురనారంభించిన యూ-2 అను గూఢచార విమానము 60,000 అడుగులకు మించిన ఎత్తున పోయెడిది. సాయంసమయమున నేలమీద చీకటి పడినను, అంత ఎత్తున సూర్యకాంతి సోకి ఆ విమానము నిప్పుకణమువలె మెరసెడిది. సామాన్యవిమానములు అందు సగమెత్తునకును పోనట్టి ఆ దినములలో, దానిని చూచినవారు వింతపడుటలో తప్పేమి? బ్లూ బుక్ విచారణకర్తలు ఆ సంగతి తెలిసియు, రహస్యము వెలువడునని చెప్పలేక వేరు కారణములు చెప్పవలసివచ్చెను. ఆ కాలపు నివేదికలలో సగమునకు పైగా ఇట్టి విమానములవే యని సి.ఐ.ఏ. వారి చరిత్రవ్యాసము 1997లో చెప్పినది. ఈ లెక్కను ఒప్పుకొనని పరిశోధకులు గలరు. ఏమైనను, ఒక రహస్యమును కాపాడుటకై చెప్పిన అసత్యము పది వదంతులను కనునని దీనివలన తెలియుచున్నది.

ఇక విశ్వవిద్యాలయముల ప్రమేయము. 1966 మార్చిలో మిచిగన్ రాష్ట్రమున అనేకులు రాత్రివేళ వెలుగులను చూచిరి. వాయుసేనకు సలహాదారుగ నుండిన ఖగోళశాస్త్రజ్ఞుడు అలెన్ హైనెక్, వానిలో కొన్ని చిత్తడినేలలలో కుళ్ళిన పదార్థములనుండి పుట్టు వాయువు వెలుగుటవలన కలిగియుండవచ్చునని చెప్పెను. మన పల్లెలలో కొరివిదయ్యమనునది ఇదియే. జనులు పరిహసించిరి, కోపించిరి. ఆ రాష్ట్రమునుండి శాసనసభకు వెళ్ళినవాడును తరువాత దేశాధ్యక్షుడైనవాడును అగు జెరాల్డ్ ఫోర్డ్ బహిరంగవిచారణ కావలెననెను. అప్పుడు వాయుసేన ధనమిచ్చి కొలరాడో విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ కాండన్ అను ప్రఖ్యాత భౌతికశాస్త్రవేత్త ఆధిపత్యమున పరిశోధన చేయించెను. 1969 జనవరిలో వెలువడిన ఆ గ్రంథము, ఇరువదేండ్లుగ జరిగిన ఈ పరిశీలనవలన విజ్ఞానమునకు చేరినది లేదనియు, ఇక పెద్దయెత్తున పరిశోధించుట తగదనియు తీర్పు చెప్పెను. జాతీయ విజ్ఞానపరిషత్తు ఆ తీర్పునకు సమ్మతించెను. ఆ యేడాది డిసెంబరులో బ్లూ బుక్ మూతపడెను.

అయితే ఆ గ్రంథములోనే కారణము తేలని సంఘటనలు పెక్కులు గలవు. వాతావరణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ మెక్‌డొనాల్డును, పూర్వము సందేహవాదియైన హైనెక్కును, తీర్పు ముందును పరీక్ష వెనుకను నడచినదని ఆక్షేపించిరి. ఇచ్చట తర్కమెరిగిన పెద్దలు ఒక భేదమును గమనింపగలరు. కారణము తెలియలేదు గనుక పరలోకవాసులే యనుట హేతువు లేని సాధ్యము. కారణము తెలియలేదు గనుక చూచినవాడు అబద్ధీకుడనుటయు అట్టిదే. తెలియలేదను మాటనుండి తెలియలేదను మాటయే సిద్ధించును. అంతకు మించి యేమియు సిద్ధింపదు.

పండితులు తలుపు మూసిన రెండేండ్లకు, రాజనీతిజ్ఞులు ఆ విషయమునే మరియొక వాకిట లోనికి తెచ్చిరి. 1971 సెప్టెంబరు 30వ తేదీన అమెరికా సోవియట్ దేశములు అణుయుద్ధము పొరపాటున ప్రారంభము కాకుండుటకై వాషింగ్టనులో ఒడంబడిక వ్రాసికొనిరి. క్షిపణులను కనిపెట్టు యంత్రములకు గుర్తు తెలియని వస్తువు లేవైన తగిలి, వానివలన అణుయుద్ధభయము కలుగునట్లున్నచో, వెంటనే ఒకరికొకరు తెలుపుకొనవలెనని అందలి 3వ షరతు. నా యెరుకలో ఈ చరిత్రయంతటికిని నడిబొడ్డు ఈ షరతే. ఒకరి నాశనమును ఒకరు కోరుకొనుచు వేల అణ్వస్త్రములను ఎక్కుపెట్టి కూర్చున్న ఇద్దరు, ‘నాకేదో కనబడుచున్నది, అది నాకు తెలియదు, నీదా?’ అని అడుగుటకు సమ్మతించిరి. ఎరుగనను మాట అవమానము కాదనియు, రక్షణయనియు వారు గ్రహించిరి. గట్టుతగాదా పడిన దాయాదులు సైతము రాత్రి గడ్డివామి దగ్గర మంట కనబడినచో ముందు కేక వేసి అడుగుదురు గదా.

సోవియట్ దేశమునందును ఇట్టి కథ గలదు. 1977 సెప్టెంబరు 20వ తేదీ తెల్లవారుజామున పెట్రోజావోడ్స్క్ నగరముపై, క్రిందికి కాంతికిరణములు వ్రేలాడుచున్న మహాతేజస్సు కనబడెను. అంతకు కొద్దిసేపటి ముందు ప్లెసెత్స్క్ అను స్థలమునుండి కాస్మాస్-955 అను ఉపగ్రహమును రాకెట్టుపై పంపియుండిరి. రాకెట్టు పొగమీద ఉదయింపనున్న సూర్యుని వెలుగు పడుటచే గలిగిన దృశ్యమది. కాని ప్లెసెత్స్క్ అనునదొకటి కలదని చెప్పుటయే ఆ దేశమున నిషిద్ధము. 1983 వరకు దాని నొప్పుకొనలేదు. చిత్రమేమనగా, ఇంగ్లాండులో కెటరింగ్ అను ఊరి పాఠశాలలో జెఫ్రీ పెర్రీ యను ఉపాధ్యాయుడు తన విద్యార్థులతో కలసి ఉపగ్రహముల సంకేతములను విని, గణితముచేత, ఆ రహస్యస్థలము ఉత్తరరష్యాలో నెచ్చట నున్నదో 1966లోనే కనుగొనెను. సామ్రాజ్యము దాచినదానిని బడిపిల్లల లెక్క బయటపెట్టెను. పెట్రోజావోడ్స్క్ కలకలము పిమ్మట సోవియట్ విజ్ఞానపరిషత్తును సైన్యమును కలసి 1978నుండి 1990 వరకు పరిశోధించిరి. సుమారు 3,000 వర్తమానములు వచ్చెను. మిక్కిలి భాగము రాకెట్టు ప్రయోగములు, బెలూనులు అని తేలెను.

ఈ విషయమును లోకసభయెదుట పెట్టినవాడు ఒక చిన్నదేశపు ప్రధాని. కరీబియన్ సముద్రమందలి గ్రెనడా ద్వీపమునకు ప్రధానియైన ఎరిక్ గెయిరీ విన్నపముపై, ఐక్యరాజ్యసమితి 1978 డిసెంబరు 18వ తేదీన ఒక నిర్ణయము చేసెను. ఆసక్తి గల దేశములు తమ తమ పరిశోధనలను సమకూర్చుకొని, ఫలితములను ప్రధాన కార్యదర్శికి తెలుపవలెనని దాని సారాంశము. మూడు నెలలు తిరుగకముందే గెయిరీ విదేశమున నుండగా స్వదేశమున తిరుగుబాటు జరిగి ఆయన పదవి పోయెను. ఆ తీర్మానమును నడిపించువాడు లేకపోయెను. ఒక్క ఫ్రాన్సు దేశము మాత్రము 1977లో తన అంతరిక్షసంస్థలో ఇందుకై యొక శాఖను నెలకొల్పి, నడుమ పేరులు మార్చినను నడుపుచు వచ్చెను. 2007నుండి ఆ కాగితములను ప్రజలకు తెరచి చూపుచున్నది.

గుర్తు పట్టకపోవుటకు చెల్లింపవలసిన వెల యెంతయో 1983 చెప్పినది. సెప్టెంబరు 1వ తేదీన దారి తప్పి సోవియట్ గగనతలములో ప్రవేశించిన కొరియా ప్రయాణికవిమానమును గూఢచార విమానమని తలచి కూల్చిరి. 269 మంది చనిపోయిరి. 1988 జూలై 3వ తేదీన అమెరికా యుద్ధనౌక ఇరాను ప్రయాణికవిమానమును శత్రువిమానమని తలచి కూల్చెను. 290 మంది చనిపోయిరి. తప్పు ఒక పక్షముదే యనుటకు వీలులేదు.

1983 సెప్టెంబరు 26వ తేదీన, ఆ కొరియా విమానపు రక్తము ఆరకముందే, మాస్కో దాపున సోవియట్ ఉపగ్రహకేంద్రమున హెచ్చరిక మ్రోగెను. అమెరికానుండి ఒక క్షిపణి బయలుదేరినదనియు, పిమ్మట మరి నాలుగు బయలుదేరినవనియు యంత్రము పలికెను. కావలి యుండిన స్టానిస్లావ్ పెట్రోవ్ అను అధికారి ఆలోచించెను. యుద్ధము చేయదలచినవాడు అయిదే క్షిపణులను పంపునా? నేలమీది రాడారులేవియు దీనిని బలపరుపలేదు గదా. ఇది అబద్ధపు హెచ్చరిక యని పైవారికి తెలిపెను. మేఘశిఖరములపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహము క్షిపణుల మంటయని భ్రమించినదని తరువాత తేలెను. ప్రత్యక్షమొక్కటియే ప్రమాణము కాదనియు, అనుమానముచేత దానిని పరీక్షింపవలెననియు మన తార్కికులు చెప్పుదురు. ఆ రాత్రి అదియే లోకమును కాచెను.

తెలిపినంతమాత్రమున చాలదనుటకు 1995 జనవరి 25వ తేదీ సాక్షి. నార్వే శాస్త్రజ్ఞులు ఉత్తరధ్రువకాంతులను పరిశోధించుటకై అండోయ ద్వీపమునుండి రాకెట్టును పంపిరి. రష్యాకు ముందుగనే తెలిపిరి. ఆ జాబు రాడారు దగ్గర కూర్చున్నవారికి చేరలేదు. అధ్యక్షుడు యెల్త్సిన్ ఎదుట అణ్వస్త్రముల పెట్టె తెరువవలసి వచ్చెను. కొలది నిమిషములలో రాకెట్టు సముద్రమువైపు పోవుచున్నదని తెలిసి గండము గడచెను. జాబు వ్రాయుట ఎంత ముఖ్యమో, అది చేరవలసినవానికి చేరుటయు అంత ముఖ్యము. మన భారతదేశమును పాకిస్తానును క్షిపణి పరీక్షలకు మూడు దినములకు తక్కువ కాకుండ ముందుగ తెలుపుకొనవలెనని 2005 అక్టోబరులో ఒడంబడిక చేసికొనిరి.

మన సరిహద్దుననే జరిగిన సంగతి యొకటి మనవి చేయుదును. 2012 ఆగస్టునుండి 2013 ఫిబ్రవరి వరకు లడాఖులో పాంగాంగ్ సరస్సు దాపున కావలి కాయు మన సైనికులు, చైనావైపునుండి వెలుగుచు వచ్చు వస్తువులను 329 సారులు చూచి వ్రాసి పెట్టిరి. అందు 155 సారులు అవి సరిహద్దురేఖను దాటి వచ్చినట్లు లెక్కించిరి. గూఢచారపు డ్రోనులని శంకించిరి. సైన్యము తొందరపడక బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక శాస్త్రసంస్థవారి నడిగెను. అవి శుక్రుడును గురుడును అని ఆ శాస్త్రజ్ఞులు తేల్చిరి. అది నందన నామ సంవత్సరము. గురుడు వృషభరాశియం దుండెను. శుక్రుడు వేగుచుక్కయై తెల్లవారుజామున తూర్పున మెరయుచుండెను. పంచాంగమున వ్రాసియున్న రెండు గ్రహములే అవి! ఆ యెత్తున గాలి పలుచన, ధూళి తక్కువ. గ్రహములు మనకిచ్చట కనబడుదానికంటె మిక్కిలి ప్రకాశించును. సైనికులను నవ్వరాదు. చూచినది చూచినట్లు వేళతో దిక్కుతో వ్రాసిరి గనుకనే శాస్త్రజ్ఞులు తేల్చగలిగిరి. 2013 ఏప్రిలులోనే లడాఖు దెప్సాంగ్ ప్రాంతమున ఇరుసేనలును మూడు వారములు ఎదురెదురుగ నిలిచినవని తలచినచో, తుపాకి యెత్తక ప్రశ్న వేయుట ఎంతటి మేలో తెలియును.

కడపటి యధ్యాయము ఇటీవలిది. 2021 జూనులో అమెరికా గూఢచార శాఖాధిపతి 144 నివేదికలను గూర్చి ప్రకటన చేసెను. అందొక్కటి మాత్రము గాలి దిగిన పెద్ద బెలూనని తేలినది, తక్కినవి తేలలేదు. 2022లో రక్షణశాఖలో ఇందుకై ప్రత్యేకకార్యాలయము నేర్పరచిరి. 2023 ఫిబ్రవరి 4వ తేదీన తమ దేశముమీదుగ పోయిన చైనా బెలూనును అమెరికా కూల్చెను. ఆ దినముననే అమెరికా రక్షణమంత్రి చైనా రక్షణమంత్రితో టెలిఫోనులో మాటలాడదలచెను, చైనావారు ఒప్పుకొనలేదు. పిమ్మట రాడారులలో మెల్లగ కదలు వస్తువులును కనబడునట్లు మార్పు చేసిరి. జల్లెడ కన్నులు సన్నమైనకొలది నూకలు నిలుచును గదా. అట్లే క్రొత్త వస్తువులు కనబడెను. 10, 11, 12 తేదీలలో మరి మూడింటిని కూల్చిరి. అవి చైనావని చెప్పుటకు ఆధారము లేదనియు, ప్రైవేటు సంస్థలవో పరిశోధనలవో కావచ్చుననియు 16వ తేదీన అధ్యక్షుడు బైడెన్ చెప్పెను. ఆ సెప్టెంబరులో అంతరిక్షసంస్థయగు నాసా నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము, పరలోకమునుండి వచ్చినవనుటకు నిదర్శనము లేదనియు, మంచి కొలతలు లేకుండుటయే పెద్ద కొరతయనియు, చూచినవాడు నవ్వులపాలగుదునని దాచుకొను స్థితి పోవలెననియు తెలిపెను.

పెద్దలారా, ఈ చరిత్రవలన తేలినది మూడు మాటలలో చెప్పవచ్చును. చూచినవాడు సిగ్గుపడక, కలుపక తగ్గింపక చెప్పవలెను. విన్నవాడు నవ్వక, బెదరక పరీక్షింపవలెను. పరీక్షించువాడు తేలినంతవరకే చెప్పి, తేలనిదానిని తేలలేదనియే వ్రాసియుంచవలెను. ఈ మూడును జరిగినచోట ప్రాణములు నిలిచినవి. జరుగనిచోట నిరపరాధులు ఆకాశమునుండి కూలిరి.

నేడు మన పొలముల మీదుగనే మందు చల్లు డ్రోనులు తిరుగుచున్నవి. రాత్రివేళ వరుసలు తీరి పోవు ఉపగ్రహములు కనబడుచున్నవి. శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు వెలుగు దూరపు ఊళ్ళకును తెలియుచున్నది. మీ ఊరి పిల్లవా డెవడైన పరుగున వచ్చి, ఆకాశమున నేదో చూచితినని చెప్పినప్పుడు వానిని కసరి పంపవలదు. ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఏ వేళ, ఎంతసేపు అని అడిగి, కాగితముమీద వ్రాయించుడు. పంచాంగము తీసి ఆ దిక్కున ఏ గ్రహమున్నదో చూపుడు. అప్పటికిని తెలియనిచో, తెలియదని వానితో చెప్పుడు. రాజ్యము లేలువారు నేర్చుకొనుటకు ఇన్నేండ్లు పట్టిన విద్య అదియే.